కాళ్లకింద నేల జారుతున్న జకార్తా!

ఆ ఊళ్లో 13 నదులు పారుతున్నాయి. పక్కనే సముద్రం. వానాకాలం వచ్చిందంటే కుండపోతే. అయినా లక్షల ఇళ్లకు కుళాయి నీళ్లు అందలేదు! ఏంచేస్తారు... నేలకి చిల్లులు పెట్టి తోడుకున్నారు. తోడగా తోడగా కిందున్న భూమే కుంగడం మొదలెట్టింది. సముద్రం గోడ దాటి ఇళ్లలోకి తొంగి చూస్తోంది. చివరికి రాజధానినే మరో దీవికి మార్చేయాలని ప్రభుత్వం తీర్మానించుకుంది. మరి అక్కడున్న కోటిమంది సంగతో! ఇండోనేసియా మహానగరం జకార్తా కథ ఇది.

‘ప్రపంచంలో ఎక్కువమంది జనం ఉండే నగరం ఏది?’ అని అడిగితే ఎవరైనా ఠక్కున ‘టోక్యో’ అనేస్తారు. జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో ఏళ్ల తరబడి ఉన్న సమాధానం అదే. 2025 నవంబరులో ఐక్యరాజ్య సమితి దాన్ని మార్చేసింది. మునిసిపాలిటీల సరిహద్దులతో పనిలేకుండా, ఎడం లేకుండా పరచుకున్న ఊరినంతా ఒకే నగరంగా లెక్కేసింది. ఆ లెక్కలో జకార్తా మొదటిస్థానానికి వచ్చింది. జనాభా దాదాపు 4 కోట్ల 20 లక్షలు! ఢాకా, టోక్యో ఆ తర్వాతే.

అంతమంది ఒక్కచోట ఎలా ఉంటున్నారు? ఏం తింటున్నారు, ఎలా తిరుగుతున్నారు? అన్నిటికన్నా ముఖ్యంగా... ఏ నీళ్లు తాగుతున్నారు? జకార్తా భవిష్యత్తంతా ఈ చివరి ప్రశ్నకి వచ్చే జవాబులోనే ఉంది.

ఊళ్లన్నీ కలిస్తే...

అసలు జకార్తా విస్తీర్ణం సుమారు 660 చదరపు కిలోమీటర్లు. 2007లో గ్రేటర్ హైదరాబాద్ ఏర్పడినప్పుడు దాని విస్తీర్ణమూ ఇంచుమించు అంతే. ఆ చోటులోనే కోటిమందికి పైగా ఉంటారు. పరిపాలన కోసం దాన్ని మధ్య, ఉత్తర, దక్షిణ, తూర్పు, పశ్చిమ జకార్తాలని ఐదు భాగాలు చేశారు. వాటికి తోడు సముద్రంలో ఉన్న ‘వేయి దీవులు’ కూడా జకార్తావే. పేరుకి వెయ్యి కానీ లెక్కపెడితే ఉన్నవి వంద పైచిలుకే!

చుట్టూ బోగోర్, డెపోక్, టాంగెరాంగ్, బెకాసీ అనే నగరాలున్నాయి. ఒకప్పుడు ఇవి వేర్వేరు ఊళ్లు. పెరిగి పెరిగి జకార్తాతో కలిసిపోయాయి. అందుకే అయిదింటి పేర్లలోని మొదటి అక్షరాలనూ కలిపి ‘జబోడెటబెక్’ అని ముద్దుగా పిలుచుకుంటారు. పొద్దున్నే అక్కడినుంచి లక్షలమంది లోకల్ రైళ్లెక్కి ఉద్యోగాలకు జకార్తా వస్తారు, చీకటిపడ్డాక తిరిగి వెళ్తారు.

ఈ జనసముద్రం ఏడాదికోసారి మాత్రం ఇంకిపోతుంది. రంజాన్ పండక్కి సొంతూళ్లకు వెళ్లే ఆ ప్రయాణాన్ని ‘ముడిక్’ అంటారు. మనకి సంక్రాంతి ముందు బస్టాండ్లు, రైల్వేస్టేషన్లు ఎలా ఉంటాయో తెలుసుగా... అక్కడా అదే దృశ్యం. పండగనాడు జకార్తా రోడ్లు బోసిపోయి కనిపిస్తాయి.

మచిలీపట్నం బట్టలు... బటావియా ఓడలు

జకార్తా ఉత్తరం కొసన సుందా కెలాపా అనే పాత రేవుంది. ‘పినిసి’ అని పిలిచే పెద్ద పెద్ద చెక్క ఓడలు ఇప్పటికీ అక్కడ వరసగా నిలబడి కనిపిస్తాయి. నగరం పుట్టింది అక్కడే. 16వ శతాబ్దం మొదట్లో అది సుందా అనే హిందూ రాజ్యానికి మిరియాల రేవు. 1527లో ఫతహిల్లా అనే ముస్లిం సేనాని దాన్ని గెలుచుకుని ‘జయకర్త’ అని పేరుపెట్టాడు. విజయం సాధించిపెట్టిన ఊరు అని అర్థం. మన ‘జయ’మే! ఆ గెలుపుకి గుర్తుగానే ఏటా జూన్ 22న నగరం పుట్టినరోజు చేసుకుంటుంది.

1619లో డచ్చి ఈస్టిండియా కంపెనీ తరఫున యాన్ పీటర్‌జూన్ కూన్ దండెత్తాడు. జయకర్తను తగలబెట్టి, ఆ బూడిదమీద ‘బటావియా’ను కట్టాడు. ఆసియాలో ఆ కంపెనీ వ్యాపారానికంతటికీ అదే రాజధాని. లవంగాలు, జాజికాయ, జాపత్రి, మిరియాలు... ఐరోపాలో బంగారంలా అమ్ముడుపోయే సరుకంతా అక్కడికి చేరేది.

ఈ కథలో మన తీరానికీ భాగముంది. సుగంధ ద్రవ్యాలు పండే దీవుల్లో వెండి నాణేలకన్నా మంచి బట్టలకి గిరాకీ ఎక్కువ. ఆ బట్టలు దొరికేది కోరమాండల్ తీరంలో. అందుకే డచ్చివాళ్లు బటావియా కట్టడానికన్నా ముందే, 1605లోనే మచిలీపట్నం వచ్చారు. తర్వాత పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నాల్లోనూ స్థావరాలు పెట్టారు. మన నేతగాళ్లు నేసి, రంగులద్దిన బట్టలు ఓడలెక్కి బటావియా చేరి, అక్కడినుంచి దీవులకు వెళ్లి మిరియాలుగా, లవంగాలుగా మారేవి. బట్టలే కాదు... కరవుకాలంలో ఈ తీరంలో బానిసలుగా అమ్ముడుపోయిన మనుషుల్నీ ఆ ఓడలు మోసుకెళ్లాయి. భీమిలిలో ఉన్న డచ్చి సమాధులూ, జకార్తాలో ఇప్పుడు మ్యూజియంగా మారిన సుగంధ ద్రవ్యాల గిడ్డంగులూ ఒకే కంపెనీ వదిలివెళ్లిన గుర్తులు!

కాలువలే కొంపముంచాయి

కూన్ దొరకి తమ దేశమంటే మమకారం. బటావియాని కూడా ఆమ్‌స్టర్‌డ్యామ్‌లా కట్టాలనుకున్నాడు. చిలివుంగ్ నదిని తిన్నగా మలిచి, వీధికో కాలువ తవ్వించాడు. కాలువల గట్లమీద చెట్లు, పక్కన మేడలు. చూసినవాళ్లు ‘తూర్పుదేశాల రాణి’ అన్నారు.

ఆ మురిపెం ఎన్నాళ్లో నిలవలేదు. చలిదేశంలో పనికొచ్చిన ఏర్పాటు ఉడుకుదేశంలో బెడిసికొట్టింది. కాలువల్లో బురద పేరుకుంది. నీళ్లు కదలడం మానేశాయి. చెత్త, మురుగు అందులోకే. తీరంలోని చేపల చెరువుల్లో దోమలు పెరిగాయి. 1730ల నుంచి మలేరియా జనాన్ని ఊచకోత కోసింది. కొత్తగా ఐరోపా నుంచి వచ్చినవాళ్లు నెలల్లోనే చనిపోయేవారు. ఇంగ్లిషు నావికుడు కెప్టెన్ కుక్ 1770లో ఓడ మరమ్మతుకోసం అక్కడ ఆగాడు. ప్రపంచమంతా తిరిగినా రోగాలకి పెద్దగా మనుషుల్ని పోగొట్టుకోని ఆయన, బటావియాలో సోకిన జబ్బుల వల్ల వరసగా తన వాళ్లని సముద్రంలో వదిలేయాల్సి వచ్చింది. రాణి అన్న నోళ్లే ‘ఐరోపావాళ్ల శ్మశానం’ అన్నాయి.

చేసేదిలేక 19వ శతాబ్దం మొదట్లో గవర్నర్ డెండెల్స్ పాత కోటని పడగొట్టించి, పరిపాలనా కేంద్రాన్ని దక్షిణాన మెరకమీదికి తరలించాడు. నీటిని సరిగా చూసుకోలేక ఊరు వదిలి వెళ్లడం... ఈ నగరానికి కొత్తేం కాదన్నమాట!

ఆ పాత ఊరు ఇప్పుడు పర్యటకుల ఊరు. 1710లో పూర్తయిన నగర మందిరం చరిత్ర మ్యూజియంగా మారింది. దాని ముందున్న ఫతహిల్లా మైదానంలో రంగురంగుల సైకిళ్లు, వాటికి జతగా అదే రంగు టోపీలు అద్దెకిస్తారు. సెలవురోజుల్లో కుటుంబాలకి అదే కాలక్షేపం.

కర్ణుడి పేరు... అర్జునుడి రథం

1942లో జపానువాళ్లు వచ్చి డచ్చివాళ్లని తరిమారు. బటావియా పేరు పోయి ‘జకార్తా’ వచ్చింది. 1945 ఆగస్టు 17న ఇక్కడే సుకర్ణో స్వాతంత్ర్యాన్ని ప్రకటించారు. చిన్నప్పుడు తరచూ జబ్బుపడుతుంటే తండ్రి ఆయన పేరు మార్చి మహాభారతంలోని కర్ణుడి పేరు పెట్టారు. ఆ కర్ణుడే సుకర్ణో!

కొత్త దేశానికి తగ్గ రాజధాని కావాలన్నది ఆయన పట్టుదల. ఊరి నడిబొడ్డున 132 మీటర్ల ఎత్తున నిలిచిన జాతీయ స్మారకం ‘మొనాస్’ ఆయన కలే. పైన మంట ఆకారంలో ఉన్న శిఖరానికి బంగారు రేకు తొడిగారు. 1962 ఆసియా క్రీడలకోసం సెనయాన్‌లో భారీ స్టేడియం కట్టించారు. తెలుగువాళ్లు గుర్తుంచుకోవాల్సిన మైదానమది. ఆ ఏడాది అక్కడ దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారత ఫుట్‌బాల్ జట్టు స్వర్ణం గెలిచింది. ఆ జట్టుని తీర్చిదిద్దిన కోచ్ హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఆటగాడు.

మొనాస్‌కి దగ్గర్లోనే ఇస్తిఖ్‌లాల్ మసీదు ఉంది. ఆగ్నేయాసియాలో అతిపెద్దది, ఒకేసారి లక్షమందికి పైగా నమాజు చేసుకోవచ్చు. దాని నమూనా గీసిన సిలబాన్ క్రైస్తవుడు! రోడ్డుకి ఆ పక్కనే క్యాథలిక్ చర్చి. క్రిస్మస్‌కి చర్చికొచ్చేవాళ్లు మసీదు ఆవరణలో బళ్లు పెట్టుకుంటారు. ఇప్పుడు ఆ రెంటినీ కలుపుతూ రోడ్డు కిందనుంచి ‘స్నేహ సొరంగం’ కూడా ఉంది. 2024 సెప్టెంబరులో పోప్ ఫ్రాన్సిస్ దాన్ని సందర్శించి దీవించారు.

ఇంకాస్త ముందుకెళితే కృష్ణార్జునులు ఎదురవుతారు. నడిరోడ్డుమీద పరుగులు తీస్తున్న గుర్రాలు, పగ్గాలు పట్టిన కృష్ణుడు, విల్లెక్కుపెట్టిన అర్జునుడు. శిల్పి న్యోమన్ నువార్తా 1987లో తీర్చిన ‘అర్జున విజయ’ అది. ప్రపంచంలో అత్యధిక సంఖ్యలో ముస్లింలున్న దేశంలో రామాయణ, భారతాలు ఇప్పటికీ తోలుబొమ్మలాటగా బతికే ఉన్నాయి. అక్కడి భాష చెవిన పడినా మనకి చుట్టరికం తెలుస్తుంది. భాషని ‘బహాసా’ అంటారు. మనిషి ‘మనుసియా’, భూమి ‘బూమి’, ఉపవాసం ‘పువాసా’. భర్త ‘సువామి’ అంటే మన స్వామి, భార్య ‘ఇస్త్రి’ అంటే స్త్రీ! చింత మాత్రం కాస్త దారి తప్పింది. వాళ్లకి ‘చింతా’ అంటే ప్రేమ.

బజాయ్ ఎక్కుదామా!

ఈ నగరంలో ఆటోని ఏమని పిలుస్తారో తెలుసా... ‘బజాయ్’! 1970ల్లో మన బజాజ్ కంపెనీ ఆటోలు అక్కడికి వెళ్లాయి. కంపెనీ పేరే బండి పేరయిపోయింది. పొగలు కక్కే నారింజరంగు పాత బళ్లు పోయి ఇప్పుడు గ్యాసుతో నడిచే నీలంరంగు బజాయ్‌లు తిరుగుతున్నాయి. వాటికన్నా జోరు ‘ఓజెక్’ది. అంటే అద్దె మోటారుసైకిల్. వీధి చివర చెట్టుకింద బేరం కోసం ఎదురుచూసే ఓజెక్ వాళ్లని ఫోన్లోకి తెచ్చిన గోజెక్ కంపెనీ పుట్టింది జకార్తాలోనే, 2010లో.

జకార్తా ట్రాఫిక్‌కి ఓ పేరుంది... ‘మాచెట్’. అంటే జామ్. దాన్ని తట్టుకోడానికి చేయని ప్రయత్నం లేదు. 1992లో ‘ముగ్గురుంటేనే కారు’ అని నిబంధన పెట్టారు. రద్దీవేళల్లో ప్రధాన రోడ్లమీదికి రావాలంటే కారులో కనీసం ముగ్గురుండాలి. వెంటనే ఓ కొత్త ఉపాధి పుట్టింది. రోడ్డుపక్క వేలెత్తి నిలబడి, డబ్బులిస్తే కారులో కూర్చుని లెక్క సరిచేసేవాళ్లు తయారయ్యారు. చంటిబిడ్డతో ఉన్న తల్లికి గిరాకీ ఎక్కువ. ఎక్కేది ఒకరు, లెక్కకి ఇద్దరు మరి! 2016లో ఆ నిబంధన ఎత్తేసి, సరి-బేసి నంబర్ల పద్ధతి తెచ్చారు.

అసలు మందు ప్రజారవాణాయేనని ఆలస్యంగానైనా గుర్తించారు. 2004లో బస్సులకి ప్రత్యేక దారులు వేసి మొదలెట్టిన ‘ట్రాన్స్‌జకార్తా’ ఇప్పుడు ప్రపంచంలోనే అతి పొడవైన ఆ తరహా వ్యవస్థ. 2019లో మెట్రో వచ్చింది. 2023లో బాండుంగ్ దాకా గంటకి 350 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే ‘వూష్’ రైలూ వచ్చింది.

రోడ్డుపక్క ఏం దొరుకుతుందంటే... అన్నీ! తోపుడు బళ్లవాళ్లని ‘కాకి లిమా’ అంటారు. ఐదు కాళ్లు అని అర్థం. బండి ఆనిక మూడు, మనిషివి రెండు అని సరదాగా లెక్క చెబుతారు. ఉడికించిన కూరగాయలమీద వేరుసెనగ పచ్చడి పోసిచ్చే గాడో-గాడో, కొబ్బరిపాలలో వండిన నాసి ఉడుక్ అన్నం తినాల్సిందే. జిగురు బియ్యం, గుడ్డు, ఎండురొయ్యల పొడి, వేయించిన కొబ్బరి కోరుతో వేసే కెరాక్ తెలోర్ ఈ ఊరి సొంత వంటకం. మూకుడుని బొగ్గులమీద బోర్లించి కాల్చడం చూడ్డానికే తమాషా. అవి ‘బెతావి’ల రుచులు. బటావియాకి నాలుగుదిక్కుల నుంచీ వచ్చిపడిన జాతులు కలిసిపోయి తయారైన స్థానికులే బెతావిలు.

రోడ్డుమీది తిప్పలు కంటికి కనపడతాయి కాబట్టి పరిష్కారాలూ వెతికారు. కంటికి కనపడనిది రోడ్డు కింద ఉంది.

స్పాంజి పిండితే...

జకార్తా ఉన్నది రాతినేలమీద కాదు. దక్షిణాన ఉన్న కొండల నుంచి నదులు తెచ్చి పోసిన ఇసుక, బంకమట్టి పొరల మీద. ఆ పొరల్లో నీళ్లున్నంతకాలం నేల నానిన స్పాంజిలా ఉబ్బి నిలబడుతుంది. నీళ్లు తోడేస్తే బంకమట్టి అణిగిపోతుంది. మళ్లీ ఎన్ని నీళ్లు పోసినా పైకి లేవదు.

మరి ఎందుకు తోడారు? పక్కనే నదులున్నాయిగా! ఉన్నాయి, కానీ తాగేలా లేవు. ఇళ్ల మురుగూ, ఫ్యాక్టరీల వ్యర్థాలూ వాటిలోకే. అందుకే జకార్తా కుళాయిల్లో వచ్చే నీళ్లలో సింహభాగం ఎక్కడో దూరంగా ఉన్న జతిలుహుర్ జలాశయం నుంచి కాలువలో రావాలి. ఆ గొట్టాలూ అందరికీ లేవు. డచ్చివాళ్లు 1920ల్లో బోగోర్ ఊటల నుంచి నీళ్లు తెచ్చినా ప్రధానంగా తమ పేటలకే ఇచ్చుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక ఊరు పెరిగినంత వేగంగా గొట్టాలు పెరగలేదు. 1998లో నీటి సరఫరాని 25 ఏళ్లపాటు రెండు ప్రైవేటు కంపెనీల చేతుల్లో పెట్టారు. గడువు తీరి 2023లో అది తిరిగి నగరపాలక సంస్థ చేతికొచ్చేనాటికీ మూడోవంతు ఇళ్లకి కుళాయిల్లేవు!

దాంతో ఇంటింటికీ బావి, బోరు. హోటళ్లు, షాపింగ్ మాల్స్, ఆకాశహర్మ్యాలు ఇంకా లోతుకి బోర్లు దించాయి. పైన కాంక్రీటు కప్పేయడంతో వాననీళ్లు ఇంకే దారీ పోయింది. కట్టడాల బరువు దానికి తోడు. ఫలితం... ఉత్తర జకార్తాలో కొన్నిచోట్ల నేల 1970ల నుంచి 4 మీటర్ల దాకా దిగిపోయింది. అంటే ఓ అంతస్తుకన్నా ఎక్కువే! ఒక దశలో కొన్నిపేటలు ఏటా 20 సెంటీమీటర్లకు పైగా కుంగాయి. ఈమధ్య వేగం తగ్గినా ఆగలేదు. నగరంలో సుమారు 40 శాతం ఇప్పుడు సముద్రమట్టానికన్నా కిందుంది. భూతాపంతో సముద్రం పెరుగుతున్నది ఏడాదికి మిల్లీమీటర్లలో, ఇక్కడి నేల దిగుతున్నది సెంటీమీటర్లలో.

ఈ కథలో మరీ బాధ కలిగించే విషయం మరొకటుంది. తీరంలో బోర్లు వేసినా వచ్చేవి ఉప్పునీళ్లే. అక్కడి పేదలు తోపుడు బళ్లమీద డబ్బాల్లో వచ్చే నీళ్లు కొనుక్కుంటారు. కుళాయి ఉన్న కలవారికి పడేదానికన్నా ఆ ధర కొన్నిరెట్లు ఎక్కువ.

గోడకి అటు సముద్రం... ఇటు ఇల్లు

ఉత్తరాన మువారా బారు అనే పేట ఉంది. అక్కడ వీధి చివర పొడవాటి కాంక్రీటు గోడ ఉంటుంది. ఎక్కి చూస్తే అవతల సముద్రం... మన వీధికన్నా ఎత్తులో! గోడకి ఆ పక్కన వాల్ అదునా అనే పాత మసీదు నీళ్లలో నిలబడి ఉంది. ఒకప్పుడు జనం నమాజు చేసుకున్న ఆ గదుల్లో ఇప్పుడు అలలు తిరుగుతుంటాయి. పున్నమికీ, అమావాస్యకీ పోటెత్తి వచ్చే నీటిని అక్కడివాళ్లు ‘రోబ్’ అంటారు. రోబ్ వస్తుందంటే సామాన్లు పైకెత్తుకోవడం, తగ్గాక ఇంటి నేలని మరికాస్త మెరక చేసుకోవడం తీరంలోని కుటుంబాలకి అలవాటైపోయింది. నేలని పెంచగా పెంచగా తలుపులు కురచైపోతాయి!

కిందినుంచి సముద్రమైతే పైనుంచి వాన. బోగోర్ కొండల్లో కురిసిన వాన చిలివుంగ్ నదిలో పడి జకార్తాకి వస్తుంది. దారిలో కటులంపా దగ్గర వందేళ్లనాటి ఆనకట్ట ఉంది. అక్కడ మట్టం పెరిగిందంటే జకార్తాకి వరద చేరడానికి సుమారు 9 నుంచి 12 గంటల టైము. అందుకే వానాకాలంలో టీవీ చూసేవాళ్లు క్రికెట్ స్కోరు చూసినట్లు కటులంపా నీటిమట్టం చూస్తారు. ఊరు పల్లమైపోవడంతో నీళ్లు వాటంతటవి సముద్రంలోకి పోవు. ప్లుయిట్ లాంటి చెరువుల్లోకి మళ్లించి పంపులతో ఎత్తిపోయాలి.

2007 ఫిబ్రవరిలో నగరంలో సగానికి పైగా మునిగిపోయింది, దాదాపు 80 మంది చనిపోయారు. 2013 జనవరిలో అధ్యక్ష భవనంలోకే నీళ్లొచ్చాయి. ప్యాంటు పైకి మడుచుకుని నిలబడ్డ అధ్యక్షుడు యుధొయొనో ఫొటో ప్రపంచమంతా చూసింది. 2020 కొత్త సంవత్సరం నాడు హలీం విమానాశ్రయం దగ్గర ఒక్కరోజులో 377 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ వరదకి 60 మందికి పైగా బలయ్యారు.

ప్రతి వరద తర్వాతా వేలు చూపించేది నది గట్లమీది గుడిసెల వైపే. 2016 ఏప్రిల్లో తీరంలోని కంపుంగ్ అక్వారియం పేటని నేలమట్టం చేశారు. జనం మాత్రం కదల్లేదు, శిథిలాలమీదే డేరాలు వేసుకుని పోరాడారు. చివరికి 2021లో ప్రభుత్వమే అక్కడ వాళ్లకి అపార్ట్‌మెంట్లు కట్టించి ఇచ్చింది.

రాజధాని వెళ్తోంది... జనం?

2019 ఆగస్టులో అప్పటి అధ్యక్షుడు జోకో విడోడో రాజధానిని బోర్నియో దీవిలోని తూర్పు కలిమంతాన్‌కి మారుస్తున్నట్లు ప్రకటించారు. జకార్తాకి వెయ్యి కిలోమీటర్లకి పైగా దూరం. పేరు ‘నుసంతర’. ‘నుస’ అంటే దీవి, ‘అంతర’ మన మాటే. అడవుల మధ్య గరుడపక్షి రెక్కలు చాచినట్లున్న అధ్యక్ష భవనం అప్పుడే వెలిసింది. దాని రూపశిల్పి ఎవరో కాదు, జకార్తాలో కృష్ణార్జునుల రథాన్ని నిలబెట్టిన న్యోమన్ నువార్తాయే. అంచనా ఖర్చు 466 లక్షల కోట్ల రూపియా, అంటే 3 వేల కోట్ల డాలర్ల పైమాటే. 2024 ఆగస్టు 17న తొలిసారి స్వాతంత్ర్య వేడుకలు అక్కడ జరిగాయి.

కాగితంమీద అనుకున్నంత తేలిగ్గా రాజధానులు కదలవు. తర్వాత వచ్చిన అధ్యక్షుడు ప్రబోవో సుబియాంతో బడ్జెట్‌లో దానికి నిధులు తగ్గించారు. 2028 నాటికి నుసంతరని ‘రాజకీయ రాజధాని’ చేయాలని 2025లో లక్ష్యం పెట్టుకున్నారు. చట్టం ప్రకారం అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చేదాకా జకార్తాయే రాజధాని. ఇంకోపక్క జావా ఉత్తర తీరం వెంబడి వందల కిలోమీటర్ల మహాకుడ్యం కడతామంటున్నారు. దానికి 8 వేల కోట్ల డాలర్లు కావాలని ప్రబోవోయే చెప్పారు.

అంతా బాగా జరిగితే 2045 నాటికి నుసంతరలో ఉండేది 19 లక్షలమంది. మంత్రులు, అధికారులు విమానమెక్కి వెళ్లిపోతారు. బజాయ్ నడిపేవాళ్లు, గాడో-గాడో అమ్మేవాళ్లు, మువారా బారు గోడపక్కన వలలు కుట్టేవాళ్లు ఎక్కడికి వెళ్తారు? గోడ ఎంత ఎత్తు కట్టినా ఇవతల నేల కుంగుతూనే ఉంటే ఆ గోడా దిగిపోవాల్సిందేగా!

అలాగని దారి లేకపోలేదు. ఆ దారి చూపించింది టోక్యోనే. 20వ శతాబ్దంలో టోక్యో తూర్పు పేటలు కూడా ఇలాగే 4 మీటర్లకు పైగా కుంగాయి. 1950, 60ల్లో జపాన్ చట్టాలు చేసి ఫ్యాక్టరీలు, భవనాలు భూగర్భజలం తోడకుండా కట్టడి చేసింది. బదులుగా నదుల నీళ్లు అందించింది. 1970లు గడిచేసరికి కుంగడం దాదాపు ఆగిపోయింది. పోయిన ఎత్తు తిరిగి రాలేదు కానీ ఊరు మిగిలింది. జకార్తా కూడా 2023 ఆగస్టు నుంచి పెద్ద భవనాలు బోరునీళ్లు వాడకుండా నిషేధం పెట్టింది. ఈ దశాబ్దం చివరికల్లా ప్రతి ఇంటికీ కుళాయి ఇస్తామంటోంది. చూడ్డానికి మహాకుడ్యమంత ఘనంగా ఉండదు కానీ, అసలు ఊరిని నిలబెట్టేది వీధి కింద వేసే ఆ నీటి గొట్టమే.

మన హైదరాబాద్ గ్రానైట్ రాతిమీద ఉంది కాబట్టి ఇలా కుంగదు. అక్కడ బోర్లు ఎండిపోయి ఊరుకుంటాయి. జకార్తాకి ఆ అదృష్టమూ లేదు. తోడిన ప్రతి బిందెకీ నేలే మూల్యం చెల్లిస్తుంది.

2027 జూన్ 22కి జకార్తాకి 500 ఏళ్లు నిండుతాయి. డచ్చివాళ్లు తగలబెట్టినా, మలేరియా ఊచకోత కోసినా, వరదలు ముంచినా నిలబడ్డ ఊరది. ప్రభుత్వం రాజధాని హోదాని పట్టుకుపోవచ్చు. కోటిమంది మాత్రం ఆ పుట్టినరోజు అక్కడే చేసుకుంటారు. వాళ్ల ఇంటి కుళాయిలో నీళ్లు వస్తే... ఆరో శతాబ్దం కూడా అక్కడే మొదలెడతారు!